తడిసి, నలిగి వస్తున్న పుస్తకాలు: డబ్బు వాపసు వస్తోంది, పుస్తకం మాత్రం రావడం లేదు

వేపచెట్టు నీడ (శ్రీకాకుళం), 2025 జూలై 12

కలం పేర్లతో రాసుకునే ఈ చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తాను. ఈ ఏడాది పాఠ్యాంశంగా వచ్చిన ఒక ప్రబంధానికి ప్రతిపదార్థ తాత్పర్యాలతో వెలువడిన ముద్రణ కోసం చాలాకాలం వెతికి, చివరికి జూన్ నెలలో ఒక ఆన్‌లైన్ దుకాణంలో కనబడితే వెంటనే ఆర్డరు పెట్టాను. 640 పుటల పుస్తకం, వెల 450 రూపాయలు.

మొదటి ప్రతి జూన్ 24న వచ్చింది. పలచటి ప్లాస్టిక్ కవరు తప్ప దానికి మరే రక్షణా లేదు. ఆ కవరు ఒక మూల చిరిగి ఉంది. అక్కడి నుంచే వాన నీరు లోపలికి దిగి, మొదటి 40 పుటలూ తడిసి, ముడతలు పడి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. మార్చి పంపమని అడిగితే అభ్యంతరం చెప్పకుండా పంపారు. రెండో ప్రతి జూలై 2న వచ్చింది. దానికి తడి తగలలేదు కానీ ఎక్కడో ఎత్తు మీద నుంచి పడినట్టుంది. కింది మూల వేలెడు లోతున నలిగి, వెన్ను పగిలి, చివరి రెండు ఫారాలు (పదహారేసి పుటల మడతలు) చేతిలోకి ఊడి వచ్చాయి. దాన్నీ వెనక్కి ఇచ్చాను. మూడోసారి సరుకు లేదని సందేశం వచ్చింది, 450 రూపాయలు నా ఖాతాలో జమ అయ్యాయి.

లెక్క ప్రకారం నాకు నష్టమేమీ జరగలేదు. అయినా ఆ రోజు నుంచి మనసు కుదుటపడలేదు. వెనక్కి పంపే ముందు లోపలి పుటను ఫిర్యాదు కోసం ఫొటో తీసుకున్నాను. అందులో ‘2009, ప్రథమ ముద్రణ, ప్రతులు 500’ అని ఉంది. మళ్లీ అచ్చు పడినట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. చొక్కా చిరిగి వస్తే అదే కొలతలో మరొకటి దొరుకుతుంది, కుక్కరు సొట్టపడి వస్తే మరో కుక్కరు వస్తుంది. పదహారేళ్ల కిందట 500 ప్రతులు వేసిన పుస్తకం నా చేతికి రెండుసార్లు వచ్చి రెండుసార్లూ పోయింది. మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే, దానికి మార్గం దొరికి ఉంటే, దయచేసి రాయండి.

గోదారి ఇసుక (రాజమహేంద్రవరం), జూలై 12

అమ్మా, మీ బాధ అర్థమైంది. మా అబ్బాయి పుట్టినరోజుకు నాలుగు బొమ్మల పుస్తకాలు తెప్పించాను. అదే వారం వంటింటి కోసం ఒక ఇనుప పెనం కూడా అడిగి ఉన్నందువల్ల కాబోలు, రెండింటినీ ఒకే అట్టపెట్టెలో వేసి పంపారు. పెట్టె పెద్దది, లోపల ఖాళీ చాలా ఉంది. దారి పొడుగునా ఆ పెనం పుస్తకాల మీద పడుతూ లేస్తూ వచ్చింది. నాలుగింటికీ అట్టల మీద పెనం అంచు ఆకారంలో గీతలు పడ్డాయి. పిల్లవాడు ఏమీ అనలేదు, ఆ గీతల మీద వేలితో రాసుకుంటూ ‘ఇక్కడ దెబ్బ తగిలింది’ అన్నాడు. ఆ మాట విన్నాక వాపసు ఇవ్వబుద్ధి కాలేదు.

మట్టి ప్రమిద (హైదరాబాదు), జూలై 13

నా అభిప్రాయం కొంచెం వేరు, ఎవరినీ నొప్పించే ఉద్దేశంతో చెప్పడం లేదు. పుస్తకం చదువుకోవడానికి. మూల నలిగినా, అట్ట మీద గీత పడినా, అక్షరం చెడలేదు కదా. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న పుస్తకాలు మా ఇంట్లో మూడు వందల దాకా ఉన్నాయి. వాటిలో అట్ట సరిగా ఉన్నవి పదో పన్నెండో. అయినా ఏ ఒక్కటీ నాకు తక్కువ ఇవ్వలేదు. చిన్న మచ్చ కనబడగానే వాపసు మీట నొక్కే అలవాటు మనలో పెరిగింది. ఆ వాపసు భారం చివరికి పెద్ద వ్యాపారి మీద పడుతుందా, చిన్న ప్రచురణకర్త మీద పడుతుందా అని మనం ఆలోచించడం లేదని నా భయం.

వేపచెట్టు నీడ, జూలై 13

మట్టి ప్రమిద గారూ, మీ మాటను కాదనలేను. పాత పుస్తకాన్ని పాత పుస్తకమని తెలిసి, దానికి తగిన ధర ఇచ్చి కొంటాం. చేతిలోకి తీసుకుని, పుటలన్నీ తిరగేసి, పోయిన పుటలున్నాయేమో చూసుకుని మరీ కొంటాం. ఇక్కడ అలా జరగలేదు. మొదటి ప్రతిలో పీఠిక మొత్తం చదవడానికి వీలు లేకుండా పోయింది. అంటుకున్న పుటలను విడదీయబోతే అక్షరాలు అవతలి పుటకు అంటి వచ్చాయి. అక్షరం చెడకపోతే నేనూ ఉంచుకునేదాన్నే. రెండో ప్రతి విషయంలో మాత్రం మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. దాన్ని తొందరపడి ఇచ్చేశానేమో.

ఫారం పదహారు (విజయవాడ), జూలై 14

నేను చిన్న ప్రచురణకర్తను. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు వేస్తాను, ఒక్కొక్కటీ 500 ప్రతులు, మహా అయితే వెయ్యి. ఈ చర్చలో రెండు పక్షాలకూ సంబంధించిన సంగతులు కొన్ని నాకు తెలుసు కనుక కాస్త వివరంగా రాస్తాను.

ముందు, పలచటి కవరు ఎందుకు వాడుతున్నారన్న విషయం. కొరియర్ వారు కేవలం బరువు చూసి డబ్బు తీసుకోరు. పొట్లం పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చిన దాన్ని చాలా సంస్థలు 5000తో భాగిస్తాయి. ఆ లెక్కన వచ్చిన కిలోలకూ, తూకంలో వచ్చిన కిలోలకూ ఏది ఎక్కువైతే దానికే రుసుము. వేపచెట్టు నీడ గారు చెప్పినంత పుస్తకం సుమారు 750 గ్రాములు తూగుతుందనుకుందాం. దాన్ని నాలుగు వైపులా మెత్తటి కాగితం కుక్కి 30 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు, 12 ఎత్తు ఉన్న పెట్టెలో పెడితే, లెక్కలో అది దాదాపు 1.6 కిలోలవుతుంది. ముప్పావు కిలో పుస్తకానికి రెండింతల బరువుకు డబ్బు కట్టాలి. అదే ప్లాస్టిక్ కవరులో వేస్తే ముప్పావు కిలోకే సరిపోతుంది. పుస్తకం మీద అసలే లాభం తక్కువ కనుక అమ్మేవారు కవరునే ఎంచుకుంటున్నారు. దీన్ని నేను సమర్థించడం లేదు. పుస్తకానికి పైనా కిందా అదే కొలతకు కోసిన రెండు గట్టి అట్టముక్కలు పెట్టి, అవి పుస్తకం అంచు కంటే ఒక్క సెంటీమీటరు బయటికి ఉండేలా చూసి, చుట్టూ గట్టిగా చుడితే పొట్లం కొలత పెద్దగా పెరగదు. దెబ్బ మూలకు తగలకుండా ఆ అట్టముక్కకు తగులుతుంది. మా పుస్తకాలు మేము నేరుగా పంపేటప్పుడు అలాగే చేస్తాం. ముందు ఒక పాలిథిన్ సంచి, దాని మీద అట్టలు, ఆపైన కవరు. ప్రతికి అయ్యే అదనపు ఖర్చు పది రూపాయల లోపే.

రెండోది, తిరిగి వచ్చిన పుస్తకం ఏమవుతుందన్న విషయం. మాకు అమ్మకపు ఒప్పందం ఉన్నచోట పాడైన ప్రతి మాకే తిరిగి వస్తుంది. అమ్ముడుపోయిందని లెక్కలో వేసిన సొమ్ము తగ్గించుకుంటారు. వచ్చే కవరు కూడా అంతకుముందు పంపిన కవరు లాంటిదే, అందువల్ల ఒక మూల నలిగి వెళ్లిన పుస్తకం నాలుగు మూలలూ నలిగి ఇల్లు చేరుతుంది. గత సంవత్సరం ఒక కథాసంపుటి ప్రతులు పదిహేడు అలా వచ్చాయి. అందులో తొమ్మిదింటిని మాత్రమే సగం ధరకు పుస్తక ప్రదర్శనలో అమ్మగలిగాను. మిగిలినవి పాత కాగితాల కింద పోయాయి. వాటిని తూకానికి వేసిన రోజు నేను దుకాణం ముందు నిలబడలేక పక్క వీధిలోకి వెళ్లాను.

అలాగని పాడైన పుస్తకాన్ని మౌనంగా ఉంచుకోమని పాఠకులకు నేను చెప్పలేను. మీరు డబ్బు ఇచ్చి కొన్నది సరైన పుస్తకం. నా విన్నపం ఒక్కటే: ఫిర్యాదు చేసేటప్పుడు అమ్మకందారుకు రాయడంతో ఆపకుండా, లోపలి పుటలో ఉన్న ప్రచురణకర్త చిరునామాకు కూడా రెండు ముక్కలు రాయండి. పుస్తకం దారిలో పాడైందో, అచ్చులోనే తప్పుందో మాకు తెలియాలి. ఒక ఫారం రెండుసార్లు పడటం, మరో ఫారం అసలు లేకపోవడం, పుటలు తలకిందులుగా కుట్టడం వంటివి మా తప్పులు. అటువంటి ప్రతిని ఎన్నేళ్ల తరువాతైనా మేమే మార్చి ఇవ్వాలి.

నూలు దారం (తెనాలి), జూలై 15

నేను నలభై ఏళ్లు బైండింగు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా అమ్మాయి ఈ చర్చను చదివి వినిపించింది, నేను చెబుతుంటే తనే రాస్తోంది.

వెన్ను ఎందుకు పగులుతోందో చెబుతాను. పూర్వం పుస్తకాన్ని ఫారాలుగా మడిచి, ఒక్కొక్క ఫారాన్ని నడిమడతలో దారంతో కుట్టి, అన్నింటినీ కలిపి, వెన్నుకు గుడ్డ అంటించి, అప్పుడు అట్ట వేసేవాళ్లం. కిందపడితే మూల నలుగుతుందే గాని పుట ఊడదు. ఇప్పుడు చాలావరకు పర్ఫెక్ట్ బైండింగు అని, మడతల వెన్నును కోసి గరుకు చేసి, కరిగిన జిగురు పూసి అట్ట అంటిస్తున్నారు. పని త్వరగా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది. 200 పుటల పుస్తకానికి ఫరవాలేదు. 600 పుటలు దాటిన దానికి ఆ పలచటి జిగురు ఆనదు. పైగా ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది, పాతబడినా చలి తగిలినా పెళుసుబారుతుంది. మే నెలలో రేకుల గోదాములో పడి ఉన్న పుస్తకాన్ని బండిలోంచి విసిరితే వెన్ను విడిపోక ఏం చేస్తుంది? అయితే టీచరమ్మగారి రెండో ప్రతిలో రెండు ఫారాలు ఫారాలుగానే ఊడి వచ్చాయన్నారు. జిగురు బైండింగైతే కాగితాలు విడివిడిగా రాలతాయి. ఫారం ఫారంగా వచ్చిందంటే అది కుట్టిన పుస్తకమే, చివర దారం తెగింది. అటువంటిది చక్కగా బాగవుతుంది. అమ్మా, మీరు దాన్ని ఇచ్చేయకుండా ఉండవలసింది. మీ తప్పని అనడం లేదు, ఈ తేడా చెప్పేవారు ఇప్పుడు ఊళ్లలో మిగల్లేదు.

తడిసిన పుస్తకం గురించి కూడా చెప్పాలి, ఇది వానాకాలం. చాలామంది వెంటనే ఎండలో పెడతారు. అలా చేస్తే కాగితం వంకర తిరుగుతుంది, అట్ట లేచిపోతుంది. నీడలో, ఫ్యాను గాలిలో నిలబెట్టి, పుటలు విసనకర్రలా కొద్దిగా విచ్చుకునేలా ఉంచాలి. పది పదిహేను పుటలకొకసారి తెల్ల కాగితం, అచ్చు లేనిది, పెట్టి గంట గంటకూ మార్చాలి. పాత వార్తాపత్రిక పెడితే దాని సిరా అంటుతుంది. పూర్తిగా ఆరకముందే, కాస్త చెమ్మ ఉండగానే, రెండు చెక్కల మధ్య పెట్టి పైన బరువు పెట్టాలి, అప్పుడు ముడతలు చాలావరకు పోతాయి. రెండు మూడు రోజులు తడిగా వదిలేస్తే మన ఉక్కకు బూజు తప్పదు. అప్పటికప్పుడు తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో మంచు గట్టే అరలో పెట్టండి, బూజు ఆగుతుంది, వీలు చూసుకుని తీసి ఆరబెట్టుకోవచ్చు. నున్నటి ఆర్టు కాగితం మీద వేసిన బొమ్మల పుస్తకం మాత్రం తడిసి అలాగే ఆరితే రాయిలా అతుక్కుపోతుంది. దాన్ని తడిగా ఉన్నప్పుడే ఒక్కొక్క పుటా విడదీసి మధ్యన మైనం పూసిన కాగితం పెట్టాలి.

కోర్టు మెట్లు (వరంగల్), జూలై 16

న్యాయవాద వృత్తిలో ఉన్నాను కనుక చట్టం వైపు నుంచి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019ని అనుసరించి 2020 జూలైలో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం లోపం ఉన్న సరుకును, ప్రకటనలో చెప్పిన తీరున లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి గాని, డబ్బు వాపసు ఇవ్వడానికి గాని అమ్మకందారు నిరాకరించకూడదు. ప్రతి ఈ-కామర్స్ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన మన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఒకే వేదిక మీద అనేకమంది అమ్మేచోట, మనకు అమ్మినవారి పేరు, చిరునామా, వారిని సంప్రదించే మార్గం కూడా ఆ వేదిక చూపించాలి. ‘పొట్లం విప్పేటప్పుడు తీసిన వీడియో లేకపోతే ఒప్పుకోం’ అని కొందరు షరతు పెడుతున్నారు. నిబంధనల్లో అటువంటి షరతు లేదు. అయినా వీడియోనో, కనీసం కవరుతో సహా నాలుగు ఫొటోలో ఉంటే మన మాటకు బలం వస్తుంది.

వారు వినకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, చెప్పవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మిన సంస్థ ఎక్కడిదైనా మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. ఈ ఏడాది మొదలైన ఈ-జాగృతి వేదిక ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసుకునే వీలుంది.

అయితే వేపచెట్టు నీడ గారి సమస్యకు ఇవేవీ సరైన మందు కావని ఒప్పుకుంటున్నాను. చట్టం డబ్బు తిరిగి ఇప్పించగలదు, అవసరమైతే పరిహారం ఇప్పించగలదు. అచ్చులో లేని పుస్తకాన్ని ఏ కమిషనూ తెచ్చి ఇవ్వలేదు. అందుకే ఇటువంటి అరుదైన పుస్తకం విషయంలో ఫిర్యాదు చేస్తూనే, మరో ప్రతి ఉందని రాతపూర్వకంగా తెలిసేదాకా చేతిలో ఉన్న ప్రతిని వదలకపోవడం మంచిది.

దూరపు కొండ (డాలస్), జూలై 17

అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి ఇబ్బంది మరో రకం. తెలుగు పుస్తకాలు ఇండియా నుంచి రావాలంటే పంపే ఖర్చు పుస్తకం వెలకు మూడు నాలుగింతలవుతుంది. అందువల్ల ఏడాదికొకసారి ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే వారి పెట్టెలో చోటు అడుక్కుంటాం. నిరుడు ధైర్యం చేసి ఒక అమ్మకందారు ద్వారా పన్నెండు పుస్తకాలు తెప్పించాను. ఆ పొట్లాన్ని వాకిట్లో పెట్టి వెళ్లారు, మేం ఊళ్లో లేము, రెండు రోజులు వాన కురిసింది. మా నాన్నగారు చిన్నప్పుడు చదివి వినిపించిన కథల సంపుటి అందులో ఉంది. నూలు దారం గారూ, మీరు రాసింది అప్పుడే చదివి ఉంటే నేను వాటిని ఓవెన్ పక్కన పెట్టేవాణ్ణి కాను. అట్టలు కాగి, వంగి, ఇప్పటికీ మూసుకోవడం లేదు. వాపసు ఇస్తామన్నారు, ఇక్కడి నుంచి తిప్పి పంపే ఖర్చు నాదే అన్నారు. ఇక అడగలేదు.

పాత అలమర (ఒంగోలు), జూలై 17

గ్రంథాలయంలో పని చేసిన అనుభవంతో రాస్తున్నాను. తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు రాసుకున్న ఒక శ్లోకం ఉంది:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్ ।
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్ ॥

నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి తనను కాపాడమనీ, విలువ తెలియని చేతికి ఇవ్వవద్దనీ పుస్తకమే చెప్పుకుంటోందని భావం. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ఫిర్యాదులు దాదాపు అన్నీ నీటివీ కట్టువీ కావడం గమనించాను.

నా చిన్నతనంలో మా ఇంటికి వి.పి.పి.లో, అంటే పొట్లం అందాక పోస్టుమాన్‌కు డబ్బు కట్టే పద్ధతిలో, పుస్తకాలు వచ్చేవి. ఎమెస్కో వారి ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పథకంలో మా పెదనాన్నగారు సభ్యులు. పోస్టుమాన్ చేతి సంచిలో వచ్చిన ఆ పొట్లానికి గోధుమరంగు కాగితం, పైన పురికొస తప్ప మరేమీ ఉండేది కాదు. అయినా నలిగిన పుస్తకం వచ్చినట్టు నాకు గుర్తు లేదు. చేతులు మారే చోట్లు తక్కువ కావడమే అందుకు కారణమని అనుకుంటున్నాను. ఇవాళ పుస్తకం ఒక గోదాము నుంచి మరో గోదాముకు, అక్కడి నుంచి వర్గీకరణ కేంద్రానికి, ఊరి కేంద్రానికి, చివరికి బండి వెనక సంచిలోకి చేరుతోంది. ఎక్కించిన ప్రతిసారీ, దించిన ప్రతిసారీ దాని మీద ఏదో ఒకటి పడుతోంది.

తపాలా శాఖ ఈ ఏడాది మే 1న పుస్తకాల కోసం ‘జ్ఞాన్ పోస్ట్’ మొదలుపెట్టింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. విద్యా, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక విషయాల పుస్తకాలకే ఇది వర్తిస్తుంది. భూమార్గంలో వస్తుంది కనుక కొంత ఆలస్యం, కానీ పొట్లం ఎక్కడుందో చూసుకోవచ్చు. రుసుము బరువును బట్టే కనుక, ఫారం పదహారు గారి లాంటివారు దీన్ని వాడుకుంటే మంచి అట్టపెట్టెలో పంపినా గిట్టుబాటవుతుందేమో చూడాలి.

ఫారం పదహారు, జూలై 18

వాడుతున్నామండీ, గత నెల నుంచి. కోస్తా జిల్లాలకు నాలుగైదు రోజుల్లో చేరుతున్నాయి. ఇప్పటిదాకా పంపిన ముప్పై పొట్లాల్లో ఒక్కటి మాత్రమే మూల నలిగిందని తెలిసింది. ఇబ్బందల్లా పాఠకులు మమ్మల్ని వెతుక్కుంటూ రావడంలోనే ఉంది. పెద్ద వేదికల మీద పేరు కొడితే పుస్తకం కనబడుతుంది, మా చిరునామా కనబడదు.

వేపచెట్టు నీడ గారూ, మీరు తీసిన లోపలి పుట ఫొటో ఇంకా ఉందా? ఉంటే ఆ ప్రచురణకర్తకు వెంటనే ఉత్తరం రాయండి. మీరు వాపసు ఇచ్చిన రెండు ప్రతులూ ఎక్కడికి వెళ్లాయో నాకు తెలియదు గాని, సాధారణంగా అవి చేరేది అక్కడికే. తూకానికి పోకముందే ఉత్తరం అందాలి.

మట్టి ప్రమిద, జూలై 18

నేను మొదట రాసిన మాటలో ఒక భాగాన్ని సవరించుకుంటున్నాను. అక్షరం చెడటానికీ అట్ట చెడటానికీ తేడా ఉందన్నది నిజమే. పుస్తకాన్ని ఇలా పంపితే పాడవుతుందని తెలిసీ అలాగే పంపేవారిని నా మాట సమర్థించినట్టు అయిందని ఇప్పుడు అనిపిస్తోంది, నా ఉద్దేశం అది కాదు. ఫిర్యాదు చేయాలి, తప్పకుండా చేయాలి. పుస్తకాన్ని మాత్రం వీలైనంతవరకు మన దగ్గరే ఉంచుకోవాలి. ధరలో కొంత తగ్గించి ఇవ్వమని అడిగితే కొందరు అమ్మకందారులు ఒప్పుకుంటున్నారు, నాకు రెండుసార్లు అలా జరిగింది.

వేపచెట్టు నీడ, ఆగస్టు 23

ఆలస్యానికి మన్నించండి, చెప్పుకోదగినది జరిగేదాకా రాయకూడదనుకున్నాను.

ఫొటోలో ఉన్న చిరునామాకు జూలై 19న ఉత్తరం రాశాను. పన్నెండు రోజుల తరువాత ఫోను వచ్చింది. ఆ పుస్తకాన్ని అచ్చు వేయించిన పండితులు కాలం చేశారు, మాట్లాడింది వారి కోడలు. ఆ పుస్తకానికి కొత్త ప్రతులు వారి ఇంట్లో కూడా లేవు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఇచ్చినవి చివరి ఆరు ప్రతులట. నా ఉత్తరం చేరిన మూడు రోజులకు ఆ దుకాణం నుంచి ఒక కవరులో రెండు పుస్తకాలు తిరిగి వచ్చాయి. ఒకటి బూజు పట్టి పుటలు విడదీయడానికి వీలు లేకుండా ఉంది. రెండోదాని వివరం ఆమె చెబుతుంటేనే నాకు తెలిసిపోయింది: కింది మూల నలిగి ఉందట, చివరి రెండు ఫారాలు విడిగా ఉన్నాయట.

డబ్బు పంపుతానంటే ముందు ఒప్పుకోలేదు. ‘మా మామగారి పుస్తకాన్ని అడిగి ఉత్తరం రాసినవారు ఈ అయిదేళ్లలో మీరొక్కరే’ అన్నారు. నేను గట్టిగా చెప్పాక 450 రూపాయలూ తీసుకున్నారు. పొట్లం ఎలా కట్టాలో ఫారం పదహారు గారు ఇక్కడ రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. జ్ఞాన్ పోస్టులో ఆగస్టు 14న నాకు అందింది. లోపల పాలిథిన్, దాని మీద రెండు అట్టముక్కలు, పైన తెల్లటి పంచె గుడ్డతో కుట్టిన సంచి. పుస్తకానికి కొత్తగా తగిలిన దెబ్బ ఒక్కటి కూడా లేదు.

మా ఊళ్లో కోర్టు దగ్గర దస్తావేజులు కుట్టే పెద్దాయన ఒకరు దీన్ని కుట్టడానికి ఒప్పుకున్నారు. నూలు దారం గారూ, ఆయనకు ఇచ్చే ముందు నేను చూసుకోవలసినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

నూలు దారం, ఆగస్టు 24

చాలా సంతోషం అమ్మా. ఆయనకు మూడు మాటలు చెప్పండి. పక్కకుట్టు, అంటే అంచు పక్కన పైనుంచి కిందికి బెజ్జాలు పొడిచి కుట్టేది, వేయవద్దనండి. దస్తావేజులకు అదే వేస్తారు, పుస్తకానికి వేస్తే లోపలి అంచున అక్షరాలు మింగేస్తుంది, పుస్తకం విప్పితే నిలవదు. నడిమడతలో పాత బెజ్జాల్లోంచే దారం తీయాలి. మైదా జిగురులో కొద్దిగా మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, జిగురు పలచగా ఉండాలి. అంచులు మళ్లీ కోయవద్దనండి, నలిగిన మూలను కొంచెం తడి చేసి, వేలితో సరిచేసి, బరువు కింద పెడితే చాలు.

ఇచ్చే ముందు ఫారాలు మీరే లెక్కపెట్టండి. పదహారు పుటలకొక ఫారం, ప్రతి ఫారం మొదటి పుట అడుగున చిన్న అంకె ఉంటుంది. ఊడిన రెండూ తిరగబడి ఉండవచ్చు.

వేపచెట్టు నీడ, ఆగస్టు 24

ఇప్పుడే నేల మీద పరుచుకుని చూశాను. మీరన్నట్టే ముప్పై తొమ్మిదోది, నలభయ్యోది తారుమారై ఉన్నాయి, సరిచేశాను. నలభై ఫారాలూ ఉన్నాయి.